భూమి చుట్టూ ఒక్కరే

మైపాడు
1967 జులై

చిరంజీవి రంగనాయకులుకు,

మైపాడు నుంచి మీ బావ పద్మనాభయ్య ఆశీస్సులు. నేను, మీ అక్క ఆదిశేషమ్మ ఇక్కడ బాగున్నాం. నువ్వు, మాలకొండమ్మ, పిల్లలు, గొడ్డూ గోదా అంతా బాగున్నారని తలుస్తాను.

నేను రిటైరైన రోజు స్కూలువాళ్ళు శాలువా కప్పి ఒక గ్లోబు ఇచ్చారు. ముప్పై ఏళ్ళు జాగ్రఫీ చెప్పిన మనిషికి గ్లోబు ఇవ్వడం సబబే. ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టి తిప్పుతుంటే ఒక సంగతి తోచింది. ఉత్తరాన నేను ఒంగోలు దాటలేదు, దక్షిణాన మద్రాసు దాటలేదు. ఆ రెండు ఊళ్ళూ కలిపి నా చిటికెన వేలు కింద దాక్కున్నాయి. మిగతా గ్లోబు సంగతంతా నేను పిల్లలకు విన్నదే చెప్పానన్నమాట.

మొన్న పేపర్లో చదివాను. ఇంగ్లండులో ఒక పెద్దాయన, నాకంటే వయసులో పెద్దవాడు, యాట్‌తో ఒంటరిగా భూమి చుట్టి వచ్చాడట. నేనూ నిశ్చయించుకున్నాను. ఒక చిన్న యాట్ తీసుకున్నాను. మద్రాసులో దొరికితే కాలువ మీద ఇక్కడికి తెప్పించాను. పాతదే గానీ ఒళ్ళు గట్టిది. పొడవు 20 అడుగులు. ఇప్పుడు అడుగున తారు పూయిస్తున్నాను. హజరత్తయ్య అని ఇక్కడ ఒక పెద్ద జాలరి ఉన్నాడు, ఆయనే దగ్గరుండి చూస్తున్నాడు. వచ్చే మాఘంలో మంచిరోజు చూసి సముద్రంలో దించుతాం. తర్వాత భూమి చుట్టూ ఒంటరిగా బయల్దేరతాను. చుట్టి రావడానికి రెండేళ్ళు పట్టవచ్చు.

యాట్‌కు నిటారుగా ఉండే సరుగుడు మాను ఒకటి కావాలి. మీ తోపులో చూసి పంపగలవా?

మీ అక్కకు ఇంకా చెప్పలేదు, సమయం చూసి చెబుతాను. యాట్‌ను కాలువ గట్టున పాకలో ఉంచాను. ఆమె అటు రాదు. నువ్వు కూడా ఆమెకు చెప్పొద్దు.

ఇట్లు, ఆలస్యంగా మేల్కొన్న మీ బావ
పద్మనాభయ్య

తా.క. ఇక్కడి గాలికి కాగితం చెమ్మగిల్లి సిరా పాకింది. పొల్లులు, సున్నలు చెరిగిపోతే సర్దుకుని చదువుకోండి.


వెంకటాచలం
1967 జులై

పూజ్యులైన బావగారికి,

వెంకటాచలం నుంచి రంగనాయకులు చేతులు జోడించి వ్రాసేది. మీ ఉత్తరం అందింది. నా కళ్ళజోడు విరిగినందువల్ల మాలకొండమ్మ చదివి వినిపించింది. ఆమెకు మూడో ఫారం దాకా చదువుంది కాబట్టి తప్పు దొర్లే అవకాశం లేదు.

భూమి చుట్టూ యాటను తిప్పాలన్న మీ ఆలోచన మా అందరికీ నచ్చింది. పోయిన పంటకు దోమ పడి మనం ఎంత ఇబ్బంది పడ్డామో మీకు తెలుసు. మేకపోతో పొట్టేలో, ఒక యాటను పొలం చుట్టూ తిప్పి, బలి ఇచ్చి పొలి వేస్తే మంచిదని నాకూ ఉంది. చదువుకున్నవారు, నవ్వుతారేమోనని మీతో అనలేదు. ఇంగ్లండు పెద్దాయన కూడా తన భూమి చుట్టూ యాటను తిప్పాడంటే అక్కడా దోమ బాధ ఉన్నట్టే.

కానీ బావా, యాటను మద్రాసు నుంచి కాలువ మీద తెప్పించడం దేనికి? మన సంతలో కావలసినన్ని ఉన్నాయి. పైగా పాతదంటున్నారు. పాత యాట ఉడకదు. పొడవు 20 అడుగులని రాశారు, సున్నా ఒకటి ఎక్కువ పడిందని మాలకొండమ్మ సర్దుకుని చదివింది. తారు పూస్తున్నారంటే కాళ్ళకు గాలికుంటు వచ్చిందేమో, వేపనూనె చాలు, తారు వద్దు. కట్టెయ్యడానికి సరుగుడు మాను అడిగారు. ఏనుగుకైనా అంత గుంజ అక్కర్లేదు. ముందుగా సముద్రంలో దించి స్నానం చేయించడం మాత్రం మంచి పద్ధతి.

రెండేళ్ళు పడుతుందని రాశారు. మన భూమి మొత్తం చుట్టినా ఒక పూట పట్టదు. యాట మరీ మొండిదా?

ఇక 'ఒంటరిగా' అన్నచోట మాలకొండమ్మ చదవడం ఆపేసింది. యాటను కోసి చుట్టాలను పిలవకపోవడం మన ఇళ్ళలో ఎన్నడూ లేదు. మేమంతా ఏమైపోయాం? మీరు పిలవకపోయినా ఆదివారం మొదటి బస్సుకు మావాళ్ళు వస్తున్నారు. గుండిగలు, మసాలా దినుసులు మేమే తెస్తాం.

ఇట్లు, మీ మీద కోపం లేని మీ బావమరిది
రంగనాయకులు

తా.క. అక్కకు చెప్పొద్దన్నారు కాబట్టి అక్కకు చెప్పలేదు. మిగతా అందరికీ చెప్పాను.


మైపాడు
1967 ఆగస్టు

రంగనాయకులుకు,

ఆశీస్సులు ఈ ఉత్తరం చివర ఇస్తాను.

జ్వరమని నువ్వు ఆగిపోయి మిగతావాళ్ళను పంపావు. తెలివైన పని చేశావు. మీ పెద్దమ్మ పిచ్చమ్మ ముందు, రెండు గుండిగలు వెనక, వాటి వెనక చుట్టాలు, బస్సు దిగి వరసగా మా వీధిలోకి వచ్చారు. మీ అక్క వాకిట్లో నిలబడి ఎవరికి ఏమైందోనని గుండె పట్టుకుంది. పిచ్చమ్మ గడప దాటకుండానే అడిగింది, "ఏది నాయనా, యాట ఏదీ?"

నా యాట్‌ను చూడడానికి ఇంతమంది వచ్చారని నాకు కళ్ళు చెమర్చాయి. "కాలువ గట్టున ఉంది, రండి చూపిస్తా" అన్నాను. అందరం నడిచాం. ఏమిటో చూద్దామని మీ అక్క కూడా తలుపు దగ్గరికి లాగి మా వెంట వచ్చింది. పాకలో యాట్‌ను బోర్లించి తారు పూస్తున్నాడు హజరత్తయ్య. పిచ్చమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత మోకాళ్ళ మీద వంగి కిందికి చూసింది.

"యాటను దీని కింద మూసిపెట్టినారా?"

"ఇదే యాట్ అమ్మా" అన్నాడు హజరత్తయ్య.

ఆమె చాలాసేపు దాన్నే చూసింది. "దీన్ని ఎట్టా కోస్తారబ్బా?" అంది.

రంగనాయకులూ, యాట్ అంటే తెరచాప కట్టుకుని సముద్రం మీద పోయే చిన్న పడవ. ట మీద పొల్లు ఉంది, మాలకొండమ్మను మళ్ళీ చూడమను. ఇది ఓ పెద్ద ఓడ తాలూకు లైఫుబోటు. దీనికి పైన చెక్కలు పరిచి, కొయ్య నాటి, చాప కట్టిస్తున్నాను. భూమి అంటే వెంకటాచలంలో మీ పొలం కాదు, భూమండలం. ఇదంతా నేను కాలువ గట్టున నిలబడి, పాఠం చెప్పినట్టు, చుట్టాలందరికీ చెప్పాను. మీ అక్కకు చెప్పడానికి సమయం చూస్తానన్నాను కదా, ఆ సమయం అదే అయింది.

ఆమె ఇంటికి వచ్చి, యాట లేని గుండిగలో వంకాయ పులుసు పెట్టి అందరికీ వడ్డించింది. నా విస్తరి దగ్గరికి వచ్చినప్పుడు అడిగింది.

"దాంట్లో పొయ్యి యాడ పెట్టాల?"

"ఎవరికి?"

"మనకి."

"నేను ఒంటరిగా పోతున్నానే" అన్నాను.

"అదే గదా నేను చెప్పేది. ఇంట్లో ఉండేది మనిద్దరమే. ఇప్పుడు మాత్రం మనతో ఎవురుండారు?"

ఆమె లెక్కలో ఒంటరి అంటే ఇద్దరు. అప్పటి నుంచీ ఊరగాయ జాడీలు బయటికి తీసి కడుగుతోంది. ఇన్నేళ్ళ కాపురంలో నేను ఒక్కణ్ణే గుమ్మం దాటితే 'ఎక్కడికి' అని అడిగే మనిషి, ఈసారి 'ఎప్పుడు' అని అడుగుతోంది. నేను ఆమెకు నచ్చజెప్పలేను. నీ మాటంటే ఆమెకు గురి. ఒంటరి ప్రయాణం అంటే ఏమిటో అర్థమయ్యేటట్టు ఒక ఉత్తరం గట్టిగా రాయి.

ఇట్లు, ఆశీస్సులతో
పద్మనాభయ్య

తా.క. మీవాళ్ళు ఒక గుండిగ మరిచిపోయారు. హజరత్తయ్య అందులో తారు కాస్తున్నాడు. ఇక దాని మీద ఆశ వదులుకోండి.


వెంకటాచలం
1967 సెప్టెంబరు

బావగారికి,

రంగనాయకులు క్షమాపణలు, ఆ తర్వాత నమస్కారాలు. మాలకొండమ్మ చదివింది రెండో ఫారమేనని విచారిస్తే తెలిసింది. మద్రాసు పోయి కొత్త కళ్ళజోడు తెచ్చుకున్నాను. ఈసారి మీ ఉత్తరం నేనే మూడుసార్లు చదివాను. మూడుసార్లూ భయం వేసింది.

బావా, మీరు పడవలో భూమండలం చుట్టడం ఏమిటి? గూడూరు పోయే బస్సులోనే మీరు కిటికీ పక్కన కూర్చుని తల బయట పెడతారు కదా. మీకు ఈత ఎప్పుడు వచ్చింది? అయినా పెద్దవారు, నిశ్చయించుకున్నానన్నారు కాబట్టి కాదనను. సరుగుడు మాను కొట్టించి బండి మీద పంపాను. తోపులో దానికంటే నిటారుగా ఇంకొకటి లేదు.

అక్కకు రాయమన్నారు, రాశాను. మీరు చెప్పినట్టే చాలా గట్టిగా రాశాను. 'అక్కా, ఒంటరిగా సముద్రం మీదికి పోవడం ప్రాణంతో చెలగాటం. ఎట్టి పరిస్థితుల్లోనూ ఒంటరిగా పోనివ్వొద్దు' అని కింద గీత కూడా గీశాను. ఒంటరి ప్రయాణం గురించి ఇంతకంటే వివరంగా రాయడం నాకు చేతకాలేదు. మీ ఇబ్బంది తీరిపోయి ఉంటుందని నమ్ముతున్నాను.

ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. ఎదురింటి చెంచులక్ష్మి తమ్ముడు రంగూనులో ఉన్నాడు. దారే కదా అని అతనికి ఇవ్వమని ఒక జాడీ గోంగూర పెట్టింది, మానుతోపాటు బండిలో వచ్చింది. మేస్త్రి క్రీస్తురాజు వచ్చి యెరూషలేము నుంచి గుప్పెడు మట్టి తెమ్మన్నాడు. యెరూషలేము సముద్రం ఒడ్డున లేదేమో అన్నాను. "దిగి నడిచి పొయ్యి తెమ్మను, రెండేండ్లు ఉండాయి గదా" అన్నాడు.

ఇట్లు, మిమ్మల్ని తలుచుకుని అన్నం సయించని
రంగనాయకులు

తా.క. ఒంటరిగా ఎందుకు పోవాలనుకుంటున్నారని పెద్దమ్మ అడిగింది. నాకు తెలియదన్నాను. ఆమెకు తెలుసట, చెప్పను పొమ్మంది.


మైపాడు
1968 జనవరి

చిరంజీవి రంగనాయకులుకు,

మీ బావ ఆశీస్సులు. తుఫాన్ల కాలమని ఇన్నాళ్ళూ పని ఆపి మళ్ళీ మొదలుపెట్టాం. నువ్వు పంపిన మాను నిలబెట్టాం. చూడడానికి ముచ్చటగా ఉంది. నీ ఉత్తరం మాత్రం చాలా చెడ్డ పని చేసింది.

మీ అక్క దాన్ని చదివి మడిచి బొడ్లో దోపుకుంది. నేను ఒంటరితనం ఊసెత్తినప్పుడల్లా తీసి చూపిస్తోంది. "నా తమ్ముడు గీత గీసి మరీ రాసినాడు, మిమ్మల్ని ఒంటరిగా పోనీయొద్దని. వాడు అన్నం తినడం లేదంట." ఆమెను ఆపమని అడిగితే నన్ను ఆపమని రాశావు. నన్ను ఆపలేక ఆమె నా వెంట వస్తానంటోంది. తమ్ముడివి, నిన్ను ఏమీ అనలేను.

యాట్ లోపలి గూడు ఎంతుంటుందో నీకు తెలియదు. అందులో నేను పడుకుంటే కాళ్ళు బయటికి వస్తాయి, కాళ్ళు లోపలికి తీసుకుంటే తల బయటికి వస్తుంది. అందులో ఆమె ఊరగాయలు, బియ్యం, చింతపండు సర్దింది. మొన్న ఇద్దరు మనుషుల చేత రుబ్బురోలు మోయించుకుని వచ్చింది. హజరత్తయ్య అయినా అడ్డం చెబుతాడని చూశాను. ఆయన దాన్ని అటూ ఇటూ దొర్లించి, "పడవ అడుగున బరువు ఉండాల సార్. రాళ్ళు ఏరుకొద్దామనుకుంటి. ఇదే మేలు" అన్నాడు.

ఆమె రోజూ గట్టుకు వచ్చి కూర్చుంటుంది. "ఇది లాగితే ఏమయితాది? అది వదిలితే ఏమయితాది?" అని ఒక్కో తాడూ పట్టుకుని అడుగుతుంది. హజరత్తయ్య పని మానుకుని చెబుతాడు. కాలువలో కొన్నిసార్లు తిరిగి చూశాం. నేను పటం చూసుకునేటప్పుడు చుక్కాని ఆమెకు ఇచ్చాను. కత్తిపీట మీద కాలు వేసి కూర్చున్నట్టు దాని మీద మోకాలు ఆనించి కూర్చుంటుంది. అది పద్ధతి కాదని చెప్పాను. పడవ తిన్నగానే పోయింది కాబట్టి మళ్ళీ చెప్పలేదు.

చివరికి ఒక ఉపాయం ఆలోచించాను. మాఘంలో దించిన రోజు మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా సముద్రం మీద పోయి చూస్తాం. ఆ ఒక్కరోజుకు మీ అక్కను రమ్మన్నాను. అలలు దాటగానే కడుపులో తిప్పుతుంది, భయం వేస్తుంది, తానే దిగిపోతానంటుంది. ఇంక జన్మలో పడవ మాట ఎత్తదు. అప్పుడు నేను ప్రశాంతంగా, ఒంటరిగా బయల్దేరవచ్చు. నువ్వు కృష్ణపట్నం వచ్చి అక్కను ఓదార్చి ఇంటికి తీసుకుపో.

ఇట్లు, మీ అక్క క్షేమం కోరే
పద్మనాభయ్య

తా.క. ఈత గురించి అడిగావు. అమెరికా కనిపెట్టినవాడికి ఈత వచ్చని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.


వెంకటాచలం
1968 ఫిబ్రవరి

బావగారికి,

రంగనాయకులు నమస్కారాలు. కోతలు మొదలయ్యాయి. కూలీలు దొరికిన రోజున కొయ్యకపోతే గింజ రాలిపోతుంది. అందువల్ల నేను రాలేను, క్షమించండి. అక్క భయపడితే బలవంతం చేయొద్దు. చిన్నప్పుడు చెరువు నీళ్ళు మోకాలు దాటితే ఏడ్చేది. ఆమె పక్కన మీరుంటారు కాబట్టి ధైర్యంగా ఉన్నాను.

కృష్ణపట్నంలో మాలకొండమ్మ పినతండ్రి జయరామయ్య కాఫీ హోటలు పెట్టుకుని ఉన్నాడు. మీ యాట్ వస్తుందని, దండ వేసి కాఫీ ఇవ్వమని ఆయనకు కార్డు రాశాను. హడావుడి మనిషి, కానీ మంచివాడు.

ఇట్లు, కొడవలి పక్కన పెట్టి రాస్తున్న
రంగనాయకులు

తా.క. కార్డు మీద చోటు చాలలేదు. 'ఒంటరిగా భూమి చుట్టబోయే పడవ వస్తుంది' అని రాయాలి. 'ఒంటరిగా భూమి చుట్టిన' అని సరిపెట్టాను. భావం ఒకటే కదా.


మైపాడు
1968 ఫిబ్రవరి

తమ్ముడు రంగనాయకులుకు,

అక్క ఆదిశేషమ్మ దీవెనలు. ఇన్నాళ్ళూ మీ బావా నువ్వూ నా గురించి రాసుకున్నారు. ఈసారి నేను రాస్తున్నాను. మీ బావ ఒంట్లో బాగానే ఉన్నారు. మనసు కుదుటపడ్డాక ఆయన కూడా రాస్తారు. జయరామయ్య ఏదేదో రాస్తాడు, అది నమ్మవద్దు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

పొద్దున్నే జాలర్లు యాట్‌ను ఇసుక మీద తోసుకుపోయి నీళ్ళలో దించారు. నేను, మీ బావ ఎక్కాం. హజరత్తయ్య ఇద్దరు మనుషులతో తెప్ప మీద పక్కనే వచ్చాడు. అలలు దాటేటప్పుడు పడవ ముందు లేచి వెనక పడింది. నేను కళ్ళు మూసుకుని దేవుళ్ళందరినీ పిలిచాను. అలలు దాటాక కళ్ళు తెరిస్తే మీ బావ పటం మీద వాంతి చేసుకుంటున్నారు. పొద్దున తిన్నదే కాదు, ముందురోజు తిన్నది కూడా వచ్చింది. మొహం గోడ సున్నంలా అయింది.

"ఏమే, నన్ను దించమనవే. దేవుడి తోడు, దించేయండి" అన్నారు.

"నిలపడానికి ఇదేమన్నా బస్సా సార్" అంటూనే హజరత్తయ్య తెప్పను దగ్గరికి తెచ్చి, పడవ ఆగేటట్టు నాచేత చాప తాడు వదులు చేయించి, ఆయనను చంటిబిడ్డలాగా తెప్ప మీదికి దించుకున్నాడు. తర్వాత నన్ను దించుకోవాలి. నేను ఆ తాడే పట్టుకుని లేచి నిలబడ్డాను. అంతలో గాలి చాపలో పడింది. పడవ ఒక్క ఊపున ముందుకు పోయింది. నేను కూలబడ్డాను. చూస్తే తెప్ప వెనకబడిపోయింది. వాళ్ళు తెడ్లు వేసి వేసి అలిసిపోతున్నారు గానీ అందుకోలేకపోతున్నారు.

హజరత్తయ్య నోటి దగ్గర చేతులు పెట్టుకుని అరిచాడు. "అమ్మా, చుక్కాని వదలొద్దు! ఒడ్డును కుడిపక్క పెట్టుకుని పో! కృష్ణపట్నం కాడ చాప తాడు వదిలెయ్, పడవ ఆగిపోతాది!"

మీ బావ కూడా ఏదో అరిచారు. నా పేరే అనుకుంటాను. ఇంతకుముందు ఆయన నోట నా పేరు వినలేదు కాబట్టి గుర్తుపట్టలేకపోయాను.

తమ్ముడూ, మొదట ఏడ్చాను. అబద్ధం ఎందుకు? చుక్కాని మీద మోకాలు పెట్టి, రెండు చేతులా తాడు పట్టుకుని ఏడ్చాను. ఏడుస్తున్నా పడవ పోతూనే ఉంది. ఎంతసేపని ఏడుస్తాం? కళ్ళు తుడుచుకున్నాను. ఒడ్డు కుడిపక్కనే ఉంది. గాలి వెనక నుంచి వస్తోంది. మోకాలు ఇటు ఆనిస్తే పడవ అటు, అటు ఆనిస్తే ఇటు. చెప్పినట్టు వింటోంది.

ఆకలేసింది. ఇద్దరికీ కట్టిన పెరుగన్నం మూట విప్పాను. ఎవరికీ వడ్డించకుండా, ముందు నేనే తిన్నాను. ఎదురుగా ఎవరూ లేరు. ఉప్పు చాలలేదని చెప్పేవాళ్ళు లేరు. మంచినీళ్ళు అడిగేవాళ్ళు లేరు. పేరు పెట్టి గానీ, పెట్టకుండా గానీ నన్ను పిలిచేవాళ్ళే లేరు. పడవ కింద నీళ్ళు గలగలమంటున్నాయి, అంతే. పెళ్ళి కాకముందు మన ఇంట్లో పదిమందిమి, తర్వాత అత్తగారింట్లో పన్నెండుమంది. ఇప్పుడు ఇద్దరమే అయినా, ఆయన కోసం వండి ఎదురుచూడడమే. ఒక పూట ఒక్కదాన్నే కూర్చోవడం ఎట్లా ఉంటుందో నాకు ఆ రోజుదాకా తెలియదు. 'ఒంటరిగా, ఒంటరిగా' అని మీ బావ ఆర్నెల్లుగా మొత్తుకున్నది దీనికోసమా అనుకున్నాను. నేనే అడ్డం పడ్డానే అని బాధేసింది.

సాయంత్రమవుతుండగా కృష్ణపట్నం వచ్చింది. హజరత్తయ్య చెప్పినట్టు తాడు వదిలేశాను. చాప టపటపా కొట్టుకుంది, పడవ ఆగింది. అక్కడి జాలర్లు ఈదుకుంటూ వచ్చి ఏరు సముద్రంలో కలిసే మొగలోకి లాక్కుపోయారు. ఒడ్డున చూస్తే ఊరంతా ఉంది. బ్యాండు మేళం మొదలుపెట్టారు. జయరామయ్య దండ పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలోకి వచ్చి, నా వెనక చూశాడు.

"యాడమ్మా మీ ఆయన? లోపలుండాడా?"

"లేరు. నేనొక్కదాన్నే వచ్చినా."

జయరామయ్య వెనక్కి తిరిగి గట్టిగా చెప్పాడు. "ఒంటరిగా భూమి చుట్టింది ఈయమ్మేనంట! మొగోడనుకుంటిమి!"

"నేను మైపాడు నుంచి వచ్చినా" అన్నాను. "మరి బయల్దేరింది మైపాడే గదమ్మా, చుట్టి మళ్ళా ఈ పక్కకే రావాల" అన్నాడు ఒక పెద్దమనిషి. ఎంత చెప్పినా వినలేదు. దండ వేశారు. ఒకామె, ఏసుమణి అని స్కూల్లో టీచరు, ఇంగ్లండు ఎట్లా ఉందని అడిగింది. చూడలేదన్నాను. "అంత దూరం పొయ్యి ఇంగ్లండు చూడకుండా వచ్చినావా" అని నొచ్చుకుంది. సరే, ఈసారి చూస్తానన్నాను.

మీ బావ నెల్లూరు మీదుగా రెండు బస్సులు మారి చీకటిపడే వేళకు వచ్చారు. చొక్కా ఇంకా తడిగానే ఉంది. జనాన్ని తోసుకుని నా దగ్గరికి వచ్చి, భద్రంగా ఉన్నావా అని అడుగుతారనుకుంటే, "ఎట్టా ఉండింది?" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. చూసిందంతా చెప్పాను. కృష్ణపట్నం వచ్చేటప్పుడు మొదట తాటిచెట్ల తలలు మాత్రమే నీళ్ళలో నుంచి లేచినట్టు కనబడ్డాయనీ, దగ్గరికి వచ్చేకొద్దీ మొదళ్ళు బయటికి వచ్చాయనీ చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"మళ్ళీ చెప్పు. ముందు తలలా?"

"ముందు తలలే."

భూమి గుండ్రంగా ఉండబట్టే అట్లా కనబడుతుందట. ముప్పై ఏళ్ళు ప్రతి జూన్ నెలలో ఆ పాఠం చెప్పారట. కంటితో చూసినవాళ్ళతో మాట్లాడడం ఇదే మొదటిసారట. జయరామయ్య హోటలు బెంచీ మీద కూర్చుని, కాఫీ చల్లారిపోతున్నా తాగకుండా, నాచేత నాలుగుసార్లు చెప్పించుకున్నారు. నా మెడలో దండ తీసి ఆయన మెడలో వేయబోతే పడనివ్వలేదు. "నాకు వాంతి చేసుకున్నందుకు దండ వద్దులే" అన్నారు.

మర్నాడు పడవను కాలువ మీద లాగించుకుని మైపాడు వచ్చాక, దాన్ని అమ్మేయమని హజరత్తయ్యకు చెప్పారు. నేను అమ్మొద్దని చెప్పాను. హజరత్తయ్య మా ఇద్దరి మొహాలూ చూసి, భోజనం వేళయిందని వెళ్ళిపోయాడు.

రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. మూడోరోజు మీ బావ పెట్టెలో నుంచి పటం తీసి, ఎండబెట్టి, నా ముందు పరిచారు. పులికాటు దగ్గర నీళ్ళు ఎక్కడ లోతో, ఎక్కడ ఇసుక దిబ్బలున్నాయో ఎర్ర పెన్సిలుతో గుర్తులు పెడుతున్నారు. "నువ్వు పో, చూసిందంతా వచ్చి నాకు చెప్పు. నేను విని రాసుకుంటా" అన్నారు. చదువు చెప్పే మనిషి, ఎదురుగా శ్రద్ధగా వినే పిల్ల దొరికితే అలక ఎక్కువ రోజులు నిలవదు.

అందువల్ల తమ్ముడూ, సోమవారం పొద్దున నేను మద్రాసు బయల్దేరుతున్నాను. ఇంగ్లండు సంగతి తర్వాత చూడవచ్చు. పడవలో ఒక్కదాన్నే ఉంటాను. హజరత్తయ్య కృష్ణపట్నం దాకా తెప్ప మీద వస్తానన్నాడు, వద్దన్నాను. భయం లేదని కాదు. భయంతోపాటే పోతాను.

ఇట్లు, మీ అక్క
ఆదిశేషమ్మ

తా.క. మీ బావను రేపటి బస్సుకు మీ ఇంటికి పంపుతున్నాను. పొద్దున కాఫీ ఆలస్యమైతే పలకరు, పట్టించుకోవద్దు. సాయంత్రాలు పొలం గట్టు మీద కూర్చోబెట్టి, నేను మద్రాసు చేరినట్టు కార్డు వచ్చేదాకా, భూమి గురించి ఏదో ఒకటి అడుగుతూ ఉండు.